గాజు పలకల నుంచి చేతిఫోన్ల దాకా

నిజామాబాద్ (ఇందూరు) జిల్లా భీమ్‌గల్ నడినెత్తిన సంపూర్ణ సూర్యగ్రహణం పడని రెండు సందర్భాలతో ఈ కథ నడుస్తుంది. 1868లోనూ 1980లోనూ పూర్తి చీకటి దక్షిణాన సాగిపోయింది, ఇందూరు సీమకు మిగిలింది పాక్షిక గ్రహణమే. అయినా ఆ రెండు తేదీల నడుమ తెలుగు నేల మీద ఆకాశాన్ని ఫొటో తీసే పని ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో చూస్తే, ఇప్పుడు ఫోను పట్టుకుని మేడెక్కే కుర్రాడి వంతు ఏమిటో తెలుస్తుంది.

1868 ఆగస్టు 18న గుంటూరులో మేజర్ టెన్నెంట్ బృందం రసాయనం తడి ఆరని గాజు పలకల మీద గ్రహణాన్ని బంధించింది. అదే ఊళ్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం చూసి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. నిజాం రాజ్యంలోని వనపర్తిలో మద్రాసు వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి మకాం వేశాడు. ఇవన్నీ కొలువుల్లో ఉన్నవాళ్లు, సంస్థల అండతో చేసిన పనులు.

సొంత డబ్బు పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో ఇంటి ఆవరణలోనే వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న ఆరంగుళాల దూరదర్శినితో శుక్ర సంక్రమణాన్ని పరిశీలించాడు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం తేల్చడానికి ఆనాడు ఒక ముఖ్య ఆధారం, శుక్రుడి అంచు సూర్యబింబాన్ని తాకిన క్షణాలు. ఆయన పేరు నిలిచింది అలా రాసి పంపిన లెక్కల వల్లే.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాలకు పునాది వేశాడు. 1907లో ఆయన పోయాక సర్కారు దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక నవాబు సరదాగా మొదలైన ఆ నిజామియా వేధశాల, ప్రపంచ నక్షత్ర పటం పనిలో తన వాటా ఆకాశాన్ని పలకల మీద ఫొటోలు తీసి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాల్లో అచ్చువేసింది.

1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగానే గ్రహణ ఛాయ పోయింది. శాస్త్రవేత్తలు అక్కడ గుమిగూడితే, ఊళ్లలో జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. 1999 ఆగస్టు 11న ఛాయ శ్రీకాకుళం మీదుగా సముద్రంలోకి దిగింది, కానీ అది వానాకాలం. 2004లో, 2012లో శుక్రుడు మళ్లీ సూర్యుడి మీదుగా నడిచాడు. తప్పిపోయినవారికి 2117 డిసెంబరు దాకా ఆ అవకాశం లేదు.

2025 సెప్టెంబరు 7 రాత్రి భాద్రపద పున్నమి చంద్రుడు సంపూర్ణ గ్రహణంలో 82 నిమిషాలు ఎర్రబారాడు. నవాబు దూరదర్శినికి పెట్టిన ఖర్చు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఒక స్టాండు, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజరు చాలు. భీమ్‌గల్ వైపు నిజామాబాద్ దీపాల వెలుగు తక్కువ, లింబాద్రి గుట్ట దిక్కు ఆకాశం విశాలం. సామాను కొరత తీరింది. కొరత ఉన్నది రాసి పెట్టుకునే అలవాటుకే. అందమైన ఫొటో కింద సమయం లేకపోతే అది చూసి మురిసిపోవడానికే పనికొస్తుంది.

సమయం ఉంటే లెక్క వేరు. చంద్రుడి మీది టైకో, కోపర్నికస్ బిలాలు నీడలో మునిగిన నిమిషాలను బట్టి భూమి నీడ పరిమాణం కట్టవచ్చు. గాలిపొర కారణంగా అది ఉత్త జ్యామితి చెప్పేదానికంటే దాదాపు రెండు శాతం పెద్దదని తేలింది ఇలాంటి నమోదుల వల్లే, వాటిలో ఔత్సాహికులవి ఎన్నో. 2028 డిసెంబరు 31న సంపూర్ణ చంద్రగ్రహణం, రాత్రి 10 గంటల 22 నిమిషాలకు నడిమధ్య. కొత్త సంవత్సరం కోసం ఊరంతా ఎటూ మేలుకునే ఉంటుంది. వాచీ సరిచేసి, పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటే నర్సింగరావు చేసిన పనే భీమ్‌గల్‌లోనూ జరుగుతుంది.