కరువులో కేతిగాడు

రాయలసీమలో వానలు మొండికేసిన ఏడు ఊరంతా చందాలు వేసుకుని విరాటపర్వం ఆడించడం పాత ఆనవాయితీ. పురాణం చెప్పించేవారు, వీధినాటకం కట్టించేవారు, బొమ్మలాటవాళ్లు దొరికితే తోలుబొమ్మలాట పెట్టించేవారు. గాదెలో గింజలు అడుగంటిన ఏట తెల్లవార్లూ ఆట ఏమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు. ఊరికి అనిపించలేదు.

విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకానికి ఆధారం భారతంలోనే, ఆ పర్వంలోనే ఉంది. అజ్ఞాతవాసంలోని పాండవుల జాడ తెలియక దుర్యోధనుడి సభ తర్జనభర్జన పడుతుంటే భీష్ముడు ఒక గుర్తు చెబుతాడు: ధర్మరాజు ఉన్న దేశంలో సకాలానికి వానలు కురుస్తాయి, పైర్లు పండుతాయి. జనం ఆ మాటను తమ ఊరికి అన్వయించుకున్నారు.

తిక్కన తన భారత రచన మొదలుపెట్టిందీ ఈ పర్వంతోనే. భారతంలో ఇంతగా నవ్వించే పర్వం మరొకటి లేదు. గరిటె పట్టిన భీముడు, ఆట నేర్పే బృహన్నల, చీకట్లో సైరంధ్రి అనుకుని భీముడి మీద చెయ్యి వేసిన కీచకుడు, అంతఃపురంలో కోతలు కోసి కౌరవసేన కంటబడగానే రథం దూకి పరుగెత్తిన ఉత్తరుడు. ఉత్తరకుమార ప్రగల్భాలు ఇప్పటికీ రాజకీయ వార్తల్లో వినబడుతూనే ఉన్నాయి.

ఇది చాలదన్నట్టు తోలుబొమ్మలాటలో తెర మీదికి హాస్యగాడు కేతిగాడు దిగుతాడు. వెంట బంగారక్క, వాళ్ల గొడవలో తలదూర్చే జుట్టుపోలిగాడు. వీళ్లు ఏ పురాణంలోనూ లేరు. దేవుళ్లూ రాజులూ పద్యాల్లో, రాగాల్లో మాట్లాడుతుంటే వీళ్లు ఊరి యాసలో తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, కథ ఆపేసి ఎదురుగా కూర్చున్నవాళ్లను ఆటపట్టిస్తారు. పిసినారి మోతుబరి, అప్పులిచ్చే షావుకారు ఎవరైనా సరే, కేతిగాడి నోట్లో పడితే అంతే. మామూలు రోజున కూలివాడు నోరెత్తలేని మాట తోలుబొమ్మ అనేస్తుంది, అన్నవాడు తెర వెనక ఉంటాడు. ఆ హాస్యంలో బూతు పాలు తక్కువేమీ కాదు. అచ్చు వేయడానికి పనికిరాని మాటలే ఎక్కువ. దాన్ని మోటు అని పక్కన పెట్టిన పండితులు ఆటలో సగం వదులుకున్నట్టే.

తెర వెనక పని చిన్నది కాదు. మేకతోలును పారదర్శకమయ్యేలా శుభ్రం చేసి, ఉలితో జల్లెడలా తొలిచి, రంగులు వేస్తారు. పెద్ద బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. వెలుగుకు ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. యుద్ధం వస్తే ఆడించేవాళ్లు కాళ్ల కింది చెక్కలను టకటక తొక్కుతారు. ఇంటిల్లిపాదీ కళాకారులే, ఆడ పాత్రలకు ఆడవాళ్లే గొంతు ఇస్తారు. వీళ్లలో చాలా కుటుంబాలు మరాఠీ నేల నుంచి వచ్చినవి. ఇంట్లో ఆరె మరాఠీ, తెర మీద తెలుగు.

ఈ నేలకు కరువు చుట్టపుచూపుగా వచ్చేది కాదు. 1876-78 నాటి మహా కరువు, అప్పట్లో దత్తమండలాలన్న ఈ సీమను ఊడ్చేసింది. అనంతపురం ప్రాంతంలో నేటికీ ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బొమ్మలాటవాళ్లు కూడా ఊళ్లు ఇచ్చే గింజల మీదే బతికినవాళ్లు. ఊరు ఎండితే వాళ్ల డొక్కా ఎండేది. ఆకలి మీద ఉండి ఆకలి మీద ఉన్నవాళ్లను నవ్వించడం వాళ్ల వృత్తి.

వాళ్ల ఆటను కరువు చంపలేదు, సినిమా చంపినంత పని చేసింది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పుడు అదే మేకతోలు మీద లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు తయారవుతున్నాయి, అమ్ముడవుతున్నాయి. ఆ ఊరి బొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. లాంప్‌షేడ్లు ఆ కుటుంబాలకు తిండి పెడుతున్నాయి, సంతోషమే. అటు వెళ్లినవాళ్లు ఒకటి కొనండి. కొన్నాక, ఓ గంట కేతిగాణ్ణి కూడా ఆడించమని అడగండి, దానికీ డబ్బు ఇవ్వండి.