నిద్ర, జీర్ణశక్తి: హకీముల మాట, నేటి శాస్త్రం

కర్నూలు, కడప ప్రాంతాలలో వేసవి రాత్రి నిద్ర సులభంగా పట్టదు. పగలంతా ఎండకు కాగిన బండలు పొద్దుపోయినా వేడిని వదలుతూనే ఉంటాయి. మిద్దె మీద చాప పరచుకున్నా తెల్లవారుజాము దాకా పొర్లాడవలసిందే. మరునాడు అన్నం సహించలేదంటే పెద్దలు ఆశ్చర్యపడరు. నిద్రకూ జీర్ణశక్తికీ గల ఈ సంబంధాన్ని యునానీ హకీములు వెయ్యేళ్ళ క్రితమే చర్చించారు.

బూఅలీ సీనా (980–1037) తమ 'అల్ ఖానూన్'లో ఆరోగ్యానికి అనివార్యమైన కారణాలను వివరిస్తూ, గాలి, అన్నపానాదులతోపాటు నిద్రనూ మెలకువనూ ఒక జంటగా పేర్కొన్నారు. ఆ ఆరు కారణాలకు యునానీ విద్యలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని పేరు. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల వంటి చోట్ల ఇది నేటికీ ప్రాథమిక పాఠమే. సీనా వివరణ ఇది: నిద్రలో సహజోష్ణం, అనగా హరారతె గరీజీ, లోపలికి మరలుతుంది, అందుచేత ఆహారం చక్కగా పచనమవుతుంది. శరీరం పైభాగం చల్లబడుతుంది గనుక నిద్రించేవానికి దుప్పటి కావాలి. అతిగా మేల్కొన్నవానికి మెదడు ఎండి, జీర్ణశక్తి సన్నగిల్లుతుంది.

ఇచ్చట కొందరు రచయితలు తొందరపడి, హరారతె గరీజీ అంటే నేటి హార్మోన్లే అని రాసివేస్తారు. అది ఆ మహావైద్యునికి గౌరవం కాదు. నిద్ర వేళకు వేడి లోపలికి పోదు; చేతులు, పాదాల చర్మం గుండా బయటికి పోతుంది, శరీరాంతర్భాగం చల్లబడుతుంది. రాయలసీమ వేసవిలో నిద్ర రాకపోవడానికి ఒక కారణం ఇదే: బయట వేడిగా ఉంటే లోపలి వేడి పోయే దారి ఉండదు. సీనా పరిశీలన సరియైనది, ఆయన చూపిన కారణం సరియైనది కాదు.

నిద్ర ఎప్పుడు రావాలో రెండు శక్తులు నిర్ణయిస్తాయి. ఒకటి, వెలుతురును అనుసరించే మెదడులోని గడియారం. రెండవది, మెలకువ సాగేకొద్దీ మెదడులో పేరుకునే అడెనోసిన్. కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థంలో ఈ అడెనోసినే ఒక భాగం. ఆ ఏ.టి.పి.ని 1929లో వెలుగులోకి తెచ్చినవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

జీర్ణశక్తి మాటకు 1999లో చికాగో విశ్వవిద్యాలయం బలం చేకూర్చింది. 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనివ్వగా, రక్తంలోని చక్కెరను సర్దుకునే శక్తి స్పష్టంగా తగ్గింది. 2004లో 12 మందిపై జరిపిన పరీక్షలో, రెండు రాత్రుల కొరతకే తృప్తినిచ్చే లెప్టిన్ 18 శాతం తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. నిద్ర చాలనివానికి ఆకలి మందగించడం కాదు, అదుపు తప్పుతుందన్నమాట. హకీములు ఊహించినదానికి ఇది భిన్నం.

పగటినిద్రను సీనా మెచ్చలేదు. అయితే దానికి అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానరాదనీ, క్రమంగా మానాలనీ హెచ్చరించారు. 2018, 2019లలో రంజాన్ మే ఎండలలో వచ్చినప్పుడు, సహరీకి లేచి, జుహర్ తరువాత ఖైలూలా చేసిన కడప ముస్లిముకు ఆ హెచ్చరికలోని రెండవ భాగమే ఎక్కువగా పనికివచ్చి ఉంటుంది.