1526లో ఆగిన కాలయంత్రం

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లకొస్తే వెళ్లి చూశాను. చిన్నప్పుడు టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈసారి మాత్రం ఒక అంకె దగ్గర ఆగిపోయాను. కాలయంత్రం వెనక్కి వెళ్లి దిగిన సంవత్సరం: 1526.

1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ సినిమాకి థ్రిల్లర్ ఊపు ఇచ్చేది రాయల కాలం నాటి వజ్రం. దాని కోసం కాచుకున్న రాజావర్మ (అమ్రీష్ పురి), మ్యూజియంలో దొంగతనాన్ని చూసేసిన పిల్లాడు, ఒక ప్రొఫెసర్, ఆయన చేసిన యంత్రం. హీరో హీరోయిన్లు అనుకోకుండా విజయనగరంలో పడతారు. అక్కడ మనం కోరుకునేవన్నీ ఉంటాయి: నిండు కొలువు, నాట్యం, తెనాలి రామకృష్ణుడు. (రామకృష్ణ కవిది రాయల తర్వాతి కాలమని చాలామంది సాహిత్య చరిత్రకారులు అంటారు. అయినా ఆయన లేని రాయల కొలువుని మనం ఒప్పుకుంటామా?)

అసలు 1526 ఎలాంటి ఏడాది? 1516 అనుంటే గొడవే లేదు, కళింగ దండయాత్రలో వరస గెలుపులు. 1520 అన్నా సరే, రాయచూరు గెలిచిన సంవత్సరం. 1524కి వచ్చేసరికి కథ మారిపోతుంది. ఆ ఏటి శాసనాల్లో రాయల కొడుకు, పసివాడు తిరుమలరాయలు, రాజుగా కనిపిస్తాడు. కొద్దికాలానికే ఆ పేరు మాయమవుతుంది.

ఏం జరిగిందో చెప్పింది ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఆరేళ్ల కొడుక్కి రాయలు పట్టం కట్టాడట. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయట. ఆ సంబరాల మధ్యే పిల్లాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టింది తిమ్మరుసు కొడుకేనని రాయలు నమ్మాడు. తనని గద్దె మీద కూర్చోబెట్టిన ముసలి మంత్రిని కొడుకులతో సహా చెరలో వేయించాడు. మూడేళ్ల తర్వాత కళ్లు తీయించాడు. బ్రాహ్మణుణ్ణి చంపకూడదు కాబట్టి కళ్లతో సరిపెట్టారు.

లెక్కేసి చూడండి. నూనిజ్ మాట నిజమైతే 1526లో తిమ్మరుసు చెరసాలలో ఉండాలి. కళ్లు ఇంకా పోలేదు. అంటే యంత్రం సరిగ్గా టైముకే చేరింది!

గతాన్ని మార్చడం గురించిన కథల్లో మనం ముందుగా అడిగేది ఇదే కదా: అక్కడికి వెళ్లినవాడు ఏం సరిదిద్దాడు? మా ఉద్యోగంలో అయితే రాత్రి పెట్టిన కోడ్ తగలబడితే పొద్దున్నే రోల్‌బ్యాక్ చేసేస్తాం. ఇక్కడ హీరోకి ఆ ఆలోచనే రాదు. రావాల్సిన పని కూడా లేదు, ఆ కొలువులో ఈ నీడే ఉండదు. సినిమా రాయల చివరి రోజుల్లోకి వెళ్లలేదు. ఆయన వైభవాన్నంతా తెచ్చి ఆ తారీఖు మీద పరిచింది.

ఇది తప్పని అనను. నూనిజ్ రాసింది కూడా రాయలు పోయాక, 1535 ప్రాంతంలో, విన్నదాన్ని బట్టి. 1900లో రాబర్ట్ సూయెల్ పుస్తకంతో ఆ కథనం ఇంగ్లీషులోకి వచ్చింది. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' తీసినవాళ్లు ఆ కళ్లు తీయించిన సంగతిని దాచలేదు. కానీ తిమ్మరుసుని నిర్దోషిని చేశారు, కుట్రని వేరేవాళ్ల మీదికి నెట్టారు. గుమ్మడిని చూసి ఏడ్చిన తరానికి అదే చరిత్ర. ఏ యంత్రమూ లేకుండానే గతం మారిపోయింది. అందులో రాయలుగా వేసింది ఎన్.టి.ఆర్. 29 ఏళ్ల తర్వాత అదే కిరీటం పెట్టుకున్నది ఆయన కొడుకు.

నాకు ఆ మార్పే ఎక్కువ ఆసక్తి. తిమ్మరుసుని కాపాడాలని మనకి అంత పట్టుదల ఎందుకంటే, నిజానికి కాపాడుకుంటున్నది రాయల్ని. మంత్రి దోషి అయితే రాయలు మోసపోయిన తండ్రి. నిర్దోషి అయితే తండ్రి లాంటివాణ్ణి గుడ్డివాణ్ణి చేసిన రాజు. కుట్రదారుని మధ్యలో పెడితే ఇద్దరూ బతికిపోతారు.

థియేటర్లో రాయలు తెర మీదికి రాగానే ఈలలు మోగాయి. నేనూ వేశాను. ఆ తర్వాత, కొలువులో హీరోకి మరణశిక్ష పడినచోట, తెనాలి రామకృష్ణుడు వచ్చి గట్టెక్కిస్తాడని తెలిసీ, నా మనసు అదే కోటలో ఇంకో చెరసాల వైపు పోయింది. అక్కడికి ఎవరూ రారు.