గోల్ఫ్ మైదానం, మూసీ ఒడ్డు, మా ఊరి బంచరాయి

చొప్పదండిలో గోల్ఫ్ ఆడేవారిని నేను చూడలేదు. ఐనా ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి పత్రికలో చదివిన సంగతి పట్టుకొని లేచి నిలబడ్డాడు: "సార్, అమెరికాల గోల్ఫు మైదానం మూతపడ్డదట. అండ్ల పేదోళ్లకు ఇండ్లు కడుతమంటె ఊరోళ్లే వద్దని ఓటేసిన్రట. ఇండ్లు వద్దన్నోళ్లు మనోళ్లెట్లయితరు?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

సంగతి ఇది. డెన్వర్ నగరంలో పార్క్ హిల్ అనే గోల్ఫ్ మైదానం ఉండేది. విస్తీర్ణం 155 ఎకరాలు. ఆ నేలమీద కట్టడాలు లేవకుండా చూసే హక్కును నగరపాలక సంస్థ 1997లో 20 లక్షల డాలర్లిచ్చి కొన్నది. 2018లో ఆట ఆగిపోయింది. 2019లో ఒక కట్టడాల వ్యాపారసంస్థ ఆ మైదానాన్ని 2 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నది. ఆ నిషేధం ఎత్తివేస్తే ఇండ్లు కడతామనీ, వాటిలో కొన్ని తక్కువ ఆదాయంవారికి అందుబాటు ధరకిస్తామనీ, పెద్ద పార్కు కూడా వేస్తామనీ చెప్పింది. 2023 ఏప్రిల్‌లో ఓటర్లు నిరాకరించారు. 2025లో ఆ భూమి నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. పార్కు దక్కింది, ఇండ్లు దక్కలేదు.

దీన్ని ఇంటికీ చెట్టుకూ మధ్య తగవుగా చూస్తే మనం పొరపడతాం. నిషేధమున్న నేలకు ఒక ధర, అది లేని నేలకు ఇంకొక ధర. ప్రజల సొమ్ముతో కొన్న హక్కును ప్రజల ఓటుతోనే వదులుకుంటే, ఆ రెండు ధరల మధ్య తేడా ఎవరి పెట్టెలో పడుతుంది? అసలు ప్రశ్న అక్కడ ఉంది. ఇది మనకు కొత్తదీ కాదు; హైదరాబాదు చరిత్రలోనే మూడుసార్లు మూడు రూపాల్లో ఎదురయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేలమందిని బలిగొన్నది. మరుసటి సంవత్సరం వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు కట్టమన్నారు. అంతటితో ఆగక, నది గట్లను బాగుచేసి తోటలు వేయమన్నారు. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తయ్యాయి. ఈ మధ్యలో 1911లో ప్లేగు వచ్చింది. వరదా మహమ్మారీ కలిసి ప్రభుత్వాన్ని కదిలించగా 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. దాని ఉర్దూ పేరు ఆరాయిష్-ఎ-బల్దా. అంటే నగర అలంకరణ. పేరులో అలంకారమే ఉన్నా, ఆ బోర్డు నాంపల్లి, మల్లెపల్లి, ఆజంపురా వంటి చోట్ల ఇరుకు బస్తీలను తీసి, గాలీ వెలుతురూ వచ్చే వరుస ఇండ్లు కట్టి అద్దెకిచ్చింది. పార్కులు కూడా వేసింది. దాని బాధ్యతలు 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలికి సంక్రమించాయి.

ఇందులో నేర్చుకోవలసింది ఉంది, భ్రమపడవలసింది లేదు. నేర్చుకోవలసింది ఏమంటే, ఇల్లూ తోటా ఒకే సంస్థ, ఒకే పథకంలో, పక్కపక్కనే కట్టవచ్చు. రెండింటికీ సహజవైరం లేదు. భ్రమ ఎందుకు కూడదంటే, ఆ బోర్డు నడిచింది ప్రజలకు జవాబుదారీ కాని పాలనలో. నగరంలో వరుస ఇండ్లు లేస్తున్న కాలంలోనే మా కరీంనగరు జిల్లా పల్లెల్లో వెట్టి సాగింది. జాగీర్ల రద్దు 1949లో గాని రాలేదు. నగరానికి అలంకారం చేసిన ఖజానాలో మా పల్లెల శిస్తు కూడా ఉంది. అద్దె కట్టగలిగినవాడికే ఆ ఇల్లు. కట్టలేనివాడు మరో ఇరుకు బస్తీ వెతుక్కోవలసిందే. పాలకవర్గం గృహసమస్యను పరిష్కరించదు, ఒక చోటినుంచి మరో చోటికి జరుపుతుందని ఏంగెల్సు 1872లోనే గృహసమస్యపై రాసిన వ్యాసాల్లో వివరించాడు.

రెండవ ఘట్టం జూబ్లీహిల్సులోని చిరాన్ ప్యాలెస్‌ది. నిజాం కుటుంబానికి చెందిన ఆ భవనం చుట్టూ సుమారు 400 ఎకరాలు ఉండేవి. పట్టణ భూపరిమితి చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం కిందనే ఈ నేలలో చాలా భాగం ప్రభుత్వపరమైంది. 1998లో అది కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనం అయింది. అడవి మిగిలినందుకు సంతోషించాలి. కాని ఆ అడవి చుట్టూ ఉన్నది నగరంలోకెల్ల సంపన్నుల నివాసం. వనాన్ని కాపాడే ఖర్చు ప్రజలది. వనంవల్ల పెరిగిన నేలవిలువ పక్క భవనాల యజమానులది. పేదవాడు టికెట్టు కొని వచ్చి, నడిచి, సాయంత్రానికి దూరపు బస్తీకి వెళ్ళిపోతాడు. మిగులు భూమిని పేదల ఇండ్లకు మళ్ళించాలన్నది కూడా ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. దాని రద్దును మన రాష్ట్రం 2008లో అంగీకరించింది.

మూడవ ఘట్టం నిన్నటిది. 2023 జూన్‌లో ఔటర్ రింగురోడ్డు దగ్గర కొల్లూరులో 145 ఎకరాల్లో 15,660 రెండు పడకగదుల ఇండ్లు ప్రారంభమయ్యాయి. గమనించండి: డెన్వర్ మైదానమంతటి నేల! ప్రభుత్వం తలచుకుంటే పేదలకు ఇండ్లు కట్టగలదనడానికి ఇది సాక్ష్యం; దీన్ని తక్కువచేయడం న్యాయం కాదు. కాని అదే ఏడు ఆగస్టులో నగరానికి మరింత దగ్గరి కోకాపేటలో ప్రభుత్వభూమిని వేలం వేశారు. ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. దగ్గరి నేల వేలానికి, దూరపు నేల పేదకు. పనికి పోయివచ్చే బస్సు ఛార్జీ, ప్రయాణంలో పోయే గంటలు ఏ వేలం లెక్కలోనూ కనిపించవు.

ఇప్పుడు ఆ విద్యార్థికి నా జవాబు ఇది. ఇండ్లు వద్దన్నవాళ్ళందరూ పేదల శత్రువులు కారు, ఇండ్లు కడతామన్నవాళ్ళందరూ పేదల మిత్రులూ కారు. మూడు ప్రశ్నలడుగు. చివరకు నేల ఎవరి పేర మిగులుతుంది? అద్దెను నిర్ణయించేది ఎవరు? తోట గేటు ఎవరికి తెరిచి ఉంటుంది? డెన్వర్ ఓటర్లు మొదటి ప్రశ్న అడిగారు, అది సరి. నేల నగరం చేతికి వచ్చాక, అందులో ఒక మూలనైనా ప్రజలే ఇండ్లు కట్టుకోవచ్చుగదా అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది.

ఈ జవాబు చెప్పే అర్హత నాకెంత అని కూడా ఆలోచించాను. 2018లో చొప్పదండి పురపాలక సంఘమయింది. చుట్టూ పొలాల్లో హద్దురాళ్ళు మొలిచాయి. నేనుంటున్న ఇల్లు ఒకప్పుడు పశువులు మేసిన బంచరాయి అంచున కొన్న ప్లాటులోది. కొన్ననాడు ఆ నేల ఎవరిదని నేను అడగలేదు. కాగితాలు సరిగా ఉన్నాయా అని మాత్రమే అడిగాను. మా వీధి పిల్లలకు ఆడుకోవడానికి రోడ్డు తప్ప చోటు లేదు. మా ఊరి సరిహద్దులో ఇంకా మిగిలిన ఉమ్మడి నేల ఎంతో సర్వే నంబర్లతో సహా రాసి పెట్టాలని, ఆ విద్యార్థీ అతని తోటివారూ నేనూ కలిసి పూనుకున్నాం. గోల్ఫ్ మైదానం లేని ఊరిలో చేయవలసిన మొదటి పని అదే.