మనం చదివే కన్యాశుల్కం మొదటిది కాదు!

ఇవాళ ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. ఆ మధ్య విజయనగరం ఎపిసోడ్‌లో, "1892లో అక్కడ స్టేజీ మీద ఆడిన కన్యాశుల్కమే ఇవాళ మనం చదువుతున్నాం" అనేశాను. అది తప్పు. ఆ తప్పు నాకు తెలిసిందంటే కారణం ఒక నెల్లూరు జర్నలిస్టు. పేరు బండి గోపాలరెడ్డి. కలం పేరు బంగోరె.

ముందు అసలు సంగతి చెప్తా. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకాన్ని 1897లో అచ్చు వేయించారు. దాని ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంటుంది: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బుకి పిల్లనిచ్చి చేసిన పెళ్లిళ్లు, నమోదైనవే 1,034. అంటే ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు, ఆ జిల్లా ఇళ్లల్లో జరుగుతున్న కథ.

పన్నెండేళ్ల తర్వాత, 1909లో, రెండో కూర్పు వచ్చింది. రెండో కూర్పు అంటే నాలుగు అచ్చుతప్పులు దిద్ది ఉంటారులే అనుకుంటాం కదా? కాదండీ. నాటకాన్ని దాదాపు కొత్తగా రాశారు. ఐదు అంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర బాగా పెరిగింది. మనకి పుస్తకాల షాపులో దొరికేది, 1955లో సినిమాగా వచ్చింది, ఈ రెండో కన్యాశుల్కమే. మొదటిది జనం చేతుల్లోంచి జారిపోయింది.

దాన్ని వెతికి పట్టుకున్నది బంగోరె. ఆయన యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు. నెల్లూరు 'జమీన్ రైతు' పత్రికలో పనిచేసిన విలేకరి. 1969లో 'మొదటి కన్యాశుల్కం' పేరుతో ఆ పాత నాటకాన్ని మళ్లీ అచ్చులోకి తెచ్చారు. అంటే 72 ఏళ్ల తర్వాత! అప్పుడుగానీ రెండూ పక్కపక్కన పెట్టి, గురజాడ ఏది కొట్టేశారో, ఏది పెంచారో మామూలు పాఠకులు చూడలేకపోయారు.

అక్కడితో ఆగలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవల మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన నిషేధాల చరిత్ర తవ్వారు. సి.పి. బ్రౌన్ ఉత్తరాల్లోంచి తెలుగు జర్నలిజం చరిత్ర బయటికి లాగారు. ఆయన పద్ధతి ఒకటే: ఎవరో అన్నారట అని రాయకుండా, అసలు కాగితం దగ్గరికి వెళ్లడం. 1982లో, నడివయసులోనే పోయారు.

నేనూ ఏ ఆఫీసూ లేని జర్నలిస్టునే. ఊరూరా తిరిగి కథలు పోగేస్తుంటాను. నా తప్పు ఎక్కడొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. నలుగురు చెప్పింది విన్నాను, పుస్తకం మొదటి పేజీ తిప్పి ఏ కూర్పో చూడలేదు. అర నిమిషం పని!

మీకూ ఒక చిన్న పని. మీ ఇంట్లో అటక మీద పాత పుస్తకాలు, ఉత్తరాలు, ఊరి పత్రికలు ఉంటే పాత పేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి తెరవండి. సంవత్సరం కనిపించేలా మొదటి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. 1897 నాటి ఒక పుస్తకం మళ్లీ మన చేతికి రావడానికి 72 ఏళ్లు పట్టింది. అన్ని పుస్తకాలకీ ఒక బంగోరె దొరకడు.

మళ్లీ కలుద్దాం.