కఫీల్ కాగితం మీద కాపురం

గల్ఫ్ వలసల గురించి మన సభల్లో, సావనీరుల్లో తరచు మాట్లాడుకొంటూనే ఉంటాము. ఎందరు పోయినారు, ఎంత పంపినారు, ఏ వీధిలో ఎన్ని మిద్దెలు లేచినవి అనే లెక్కలే అందులో ఎక్కువ. పోయినవాడి వెంట అతని భార్య పోగలిగిందా, పోవడానికి ఆ దేశపు కాగితం ఒప్పుకొన్నదా అనే సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. మేము ఈ వ్యాసంలో దానిని గురించే రాయదలచాము. పిలిచేవాడు యజమాని, కాగితం అతనిది. కాపురం మనది. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. నూట అరవై ఏండ్లకు పైబడిన కథ.

1860 అక్టోబరులో మద్రాసు రేవునుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నేటాల్ చెరకు తోటల్లో ఐదేండ్లు పనిచేస్తామని ఒప్పందం రాసి ఇచ్చినవారు. ఆ అగ్రిమెంటునే జనం నోట 'గిర్మిట్' అన్నారు. 1911 దాకా ఇట్లా నేటాల్ పోయినవారు లక్షా యాభై రెండు వేలమంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుంచి ఓడ ఎక్కినవారే. ఉత్తర ఆర్కాటు జిల్లా అందులో పెద్ద భాగం పంపింది. మన చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి అప్పటికి ఆ జిల్లాలోనివే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుపడింది. చిత్రమేమంటే నేటాల్‌కు కూలీలను పంపడం ఆగిపోయింది కూడా ఆ ఏడే.

డర్బన్ నగరంలో బాద్‌షా పీర్ దర్గా ఉన్నది. ఆయన కూడా మద్రాసు రాజధాని నుంచి గిర్మిట్ కూలీగానే వచ్చినాడని అక్కడివారు చెప్పుకొంటారు. అంటే ఆ ఓడల్లో మనవాళ్ళూ ఉన్నారన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాము. నాటి సర్కారు ఒక నియమం పెట్టింది. నూరుగురు మగవారిని ఎక్కిస్తే 40 మంది స్త్రీలను కూడా ఎక్కించవలెను. ఇది దయతో పెట్టినది కాదు. ఒంటరి మగవాళ్ళతో తోటలు నిలవవని తెలిసి పెట్టినది. మగవాడికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒకటి చొప్పున పెరిగి ఐదో ఏట 14. ఆడమనిషికి అందులో సగం. ఐదేండ్లు నిండినాక మళ్ళీ గిర్మిట్ రాయకుండా, స్వదేశానికీ పోకుండా అక్కడే ఉండదలచినవారు తలకు ఏటా మూడు పౌండ్లు పన్ను కట్టవలెనని 1895లో చట్టం చేసినారు. భార్యకూ అంతే. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. పద్నాలుగు షిల్లింగుల కూలీకి నాలుగు నెలల జీతం దాటిన మాట! ఆలుమగలు ఇద్దరూ ఉంటే ఎనిమిది నెలలు. భార్యను వెంట తెచ్చుకొన్నందుకు కట్టిన జరిమానా కాక అది మరేమిటి?

అంతకన్న పెద్ద దెబ్బ 1913 మార్చి 14న పడింది. హసన్ ఇసప్ అనే అతని భార్య బాయి మరియంను దేశంలోకి రానివ్వలేదు. కేసు కేప్ న్యాయస్థానానికి పోయింది. క్రైస్తవ పద్ధతిలోనో, రిజిస్ట్రారు ముందో జరగని పెండ్లి, బహుభార్యాత్వాన్ని అనుమతించే మతం ప్రకారం జరిగిన పెండ్లి, చట్టం దృష్టిలో పెండ్లి కాదని జస్టిస్ సెర్ల్ తీర్పు ఇచ్చినాడు. ఒక్క కలంపోటుతో హిందూ ముస్లిం పార్సీ స్త్రీలందరూ భార్యలు కాకుండా పోయినారు. గాంధీగారి సత్యాగ్రహంలోకి స్త్రీలు దిగింది ఈ తీర్పు తరువాతనే. కస్తూర్బా ఆ ఏడే జైలుకు పోయింది. 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం మూడు పౌండ్ల పన్నును ఎత్తివేసింది, మన పద్ధతి పెండ్లిలో ఒక భార్యను గుర్తించింది. సత్యాగ్రహ చరిత్ర పాఠంలో మన పిల్లలు ఉప్పు గురించి, విదేశీ బట్టల గురించి చదువుతారు. ఒక ముస్లిం స్త్రీ తన భర్త ఇంటికి పోవడానికి పడిన పాట్లు ఆ చరిత్రలో ఒక మలుపని మేము తరగతిలో చెప్పితే తెల్లబోయి చూస్తారు.

ఎన్ని కష్టాలు పడినా నేటాల్‌కు ఆడవాళ్ళు పోయినారు. అందుచేత అక్కడ ఇల్లు నిలిచింది. మసీదు, గుడి, బడి లేచినవి. 1931లో తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. మనుమల మనుమలు నేడు ఆ దేశపు పౌరులు. గల్ఫ్‌కు పోయిన మనవాళ్ళ కథ ఇట్లా నడవలేదు.

గల్ఫ్ మనకు కొత్త దేశమేమీ కాదు. కువైట్‌లో 1961 దాకా చెలామణి అయినది రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసమే ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు వేసింది. బొంబాయి నుంచి ఆ రేవులకు ద్వారకా అనే ఓడ 1982 వరకు నడిచింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి అక్కడ రోడ్లు, మేడలు, ఆసుపత్రులు లేచేటప్పటికి రాయచోటి, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె వైపు నుంచి జనం కదిలినారు. రేణిగుంటలో బొంబాయి రైలు ఎక్కి పోయినవారు ఎందరో.

అక్కడి పద్ధతి పేరు కఫాలత్. ఉర్దూ తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. పూచీ పడడం, పోషణ భారం మోయడం అని అర్థం. అనాథ బిడ్డను సాకడాన్ని కూడా కఫాలత్ అనే అంటాము. ఎంత మంచి మాట! దానిని తెచ్చి, కూలివాడి ఉనికినంతా ఒక్క యజమాని చేతిలో పెట్టే పద్ధతికి తగిలించినారు. కఫీల్ సంతకం ఉంటేనే ఇఖామా. ఇఖామా ఉంటేనే మనిషి. కఫీల్ వద్దంటే ఖురూజ్, అంటే బయటికి దారి.

కువైట్‌లో ఈ కాగితాలకు నంబర్లు ఉన్నవి. కంపెనీలో, దుకాణంలో పనిచేసేవాడిది 18వ ఆర్టికల్. మనవాళ్ళు దానిని షూన్ వీసా అంటారు. ఇంటి పనికి పోయేవారిది 20వ ఆర్టికల్, అది ఖాదిం వీసా. భార్యాబిడ్డలను పిలిపించుకొనేది 22వ ఆర్టికల్. ఈ 22కు ఒక మెట్టు ఉన్నది, అది జీతం. 2016 వరకు నెలకు 250 దీనార్లు ఉంటే భార్యను పిలిపించుకోవచ్చును. ఆ ఏడు 450 చేసినారు. 2019లో 500. 2022లో కుటుంబ వీసాలనే ఆపివేసి, 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు 800 చేసినారు. మన డ్రైవరు, మన మేస్త్రీ, మన సేల్స్‌మన్ ఈ మెట్టు ఎప్పుడు ఎక్కేది? ఖాదిం వీసావారికైతే ఆ మెట్టే లేదు. 2016లో ఇంటి పనివారికి కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించినారు. అరవైకీ ఎనిమిది వందలకూ మధ్య దూరం ఎంతో, మన ఊళ్ళలో ఆలుమగల మధ్య దూరం అంత.

సౌదీలో ఇంకొక పద్ధతి. అక్కడ 2017 జూలై నుంచి వెంట ఉన్న ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళు కట్టమన్నారు. ఏటా నూరు పెంచి 2020కి 400 చేసినారు. భార్య, ఇద్దరు బిడ్డలు ఉన్నవాడికి నెలకు 1200 రియాళ్ళు. ఎన్నో ఏండ్లు కాపురం చేసిన కుటుంబాలు సామాను అమ్ముకొని తిరిగి వచ్చినవి. నేటాల్ మూడు పౌండ్ల కథ చదివినవారికి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

ఇక్కడ మన అలిపిరి పేరు గురించి ఒక మాట. కొండ అడుగున ఉన్న చింతచెట్టు, 'అడిపుళి' అనే తమిళ మాటనుంచి అలిపిరి వచ్చిందని పండితులు అంటారు. మన ఉర్దూ జనం మాత్రం ఎవరో అలీ అనే సేనాని ఇక్కడిదాకా వచ్చి వెనక్కు తిరిగినాడు కనుక 'అలీ ఫిరే' అని చెప్పుకొంటారు. మేము చింతచెట్టు పక్షమే. అయినా గల్ఫ్ పోయిన మనవాళ్ళను చూసినప్పుడు ఈ రెండో కథే గుర్తుకు వస్తుంది. ముప్పై ఏండ్లు ఉన్నా సరే, పని తీరినాక ఫిరవలసిందే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులు వెనక్కు వచ్చినారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో. తరువాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. దేశం విడిచి రావలసి వచ్చినందుకు ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు అని నిర్ణయించింది. కాపురం కువైట్‌లో ఉన్నవాడు కుటుంబం. ఆలి రాయచోటిలో ఉన్నవాడు, పదేండ్లుగా ఆమెనూ బిడ్డలనూ పోషిస్తున్నా, ఆ లెక్కలో ఒంటరి మనిషే.

మన ప్రాంతానికి ఇంకొక ప్రత్యేకత ఉన్నది. కేరళలో మగవాడు గల్ఫ్ పోతే భార్య ఇంట్లో ఉండడం ఎక్కువ. మన కడప, చిత్తూరు పల్లెల్లో తల్లే పోతుంది. ఖాదిం వీసా మీద వంటకు, బిడ్డలను సాకడానికి. భర్త కూడా డ్రైవరుగా పోతే ఆయన కఫీల్ వేరు, ఆమె కఫీల్ వేరు. ఇద్దరూ ఒకే నగరంలో ఉంటారు, ఒకే కప్పు కింద ఉండరు. సెలవు దొరికిన శుక్రవారం మాలియా దగ్గర కలుసుకొని, నాలుగు మాటలు చెప్పుకొని, ఎవరి కఫీల్ ఇంటికి వారు మళ్ళుతారు. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని చెప్పింది. చెప్పింది అనే రాస్తున్నాము. 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు మాత్రం, ఖాదిం వీసానుంచి షూన్ వీసాకు మారే తలుపు ఒకసారి తెరిచినారు.

మా చిన్నతనంలో గల్ఫ్ నుంచి కేసెట్లు వచ్చేవి. ఉత్తరం రాయడం రానివారు టేప్ రికార్డరు ముందు కూర్చుని మాటలు నింపి పంపేవారు. వీధిలో ఒక చాచా కేసెట్ వస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవారు. భార్యకు మాత్రమే చెప్పవలసిన మాట అందులో ఎట్లా చెప్పగలడు? ఇప్పుడు చేతిలో ఫోను, అందులో ముఖం కూడా కనబడుతుంది. మా బడిలో 'అమ్మీ రాత్రి ఫోనులో లెక్కలు చెప్పించింది సార్' అనే పిల్లలు ఉన్నారు. అంతవరకు మేలే. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటిమీద చేయి వేసేది మాత్రం నానీయే.

చదువుకొన్నవారి సంగతి కొంచెం మెరుగు. అమెరికాకు హెచ్-1బి మీద పోయే ఇంజనీరు హెచ్-4 మీద భార్యను తీసుకొని పోగలడు. అక్కడా 2015 మే వరకు ఆమె ఉద్యోగం చేయరాదు. ఆ తరువాత కూడా భర్త గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం పోయి ఉంటేనే అనుమతి. ఎంఎస్సీ చదివిన మన ఆడబిడ్డలు ఎందరో వంటింట్లో ఏండ్లు గడిపినారు. అయినా పక్కన భర్త ఉన్నాడు.

మన దేశపు చట్టం ఏమంటుందో కూడా తెలియవలెను. 1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. అట్టివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావలెను. ఈసీఆర్ స్త్రీలకైతే 30 ఏండ్లు నిండవలెను. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనన్నారు. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. ఈ గడప దాటలేక ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద పోయినవారికి, అక్కడ కష్టం వస్తే ఏ దఫ్తరులోనూ పేరు ఉండదు. ఉర్దూ బడిలో తొమ్మిదో తరగతితో ఆడబిడ్డను మాన్పించే తల్లిదండ్రులకు మేము నమాజు గురించో, నడవడి గురించో చెప్పము. ఈ ఈసీఆర్ ముద్ర సంగతే చెప్పుతాము.

సంబంధాలు మాట్లాడే పెద్దలకు ఒక విన్నపం. అబ్బాయి కువైట్‌లో ఉన్నాడనగానే జీతం ఎంత అని అడుగుతారు. ముందు అడగవలసింది ఎన్నో ఆర్టికల్ అని. బతాకా ఫొటో పంపమనండి. అందులో 20 ఉంటే బిడ్డ అత్తగారింట్లోనే ఉంటుందని తెలుసుకొని, ఆమెకూ ఆ మాట చెప్పి, ఒప్పుకొంటేనే నికాహ్ చేయండి. మాకు తెలిసిన ఒక ఇంట్లో, రెండు నెలల్లో పిలిపించుకొంటానని చెప్పి పెండ్లి చేసుకొన్న అబ్బాయి, ఏడేండ్లలో మూడుసార్లు వచ్చినాడు. అతను అబద్ధమాడలేదు. మెట్టు పెరుగుతూ పోయింది.

22వ ఆర్టికల్ అర్హత ఉన్నవారు సైతం ఇక్కడ కాగితం సరిగా లేక నెలల తరబడి ఆగుతున్నారు. ఖాజీ గారు ఇచ్చిన ఉర్దూ నికాహ్‌నామా ఒక్కటే చాలదు. 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం పెండ్లి రిజిస్టరు చేయించి, దానిమీద రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, ఆపైన కువైట్ రాయబార కార్యాలయం ముద్రలు వేయించవలెను. పాస్‌పోర్టులో పేరు ఒక రీతిగా, నికాహ్‌నామాలో ఇంకొక రీతిగా ఉంటే అంతా మొదటికి వస్తుంది. షేక్, ఎస్., షైక్ అని మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉన్నవారు మన వీధుల్లో చాలామంది. రిజిస్ట్రేషను ఫారాలు సొసైటీ ఆఫీసులో ఉంచవలసిందిగా కార్యవర్గాన్ని కోరినాము. ఉర్దూ నికాహ్‌నామాలను తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టి, పేర్లు సరిచూసే పనికి ఆదివారం ఉదయాలు మేమూ, మా తోటి ఉపాధ్యాయులూ కూర్చోగలము. పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్టు, నికాహ్‌నామా మూడూ తెచ్చుకొని రండి.