ఆకాశవాణికి అంకుశము: రేడియో, టెలివిజను ప్రసారములపై కట్టుబాట్లు మారిన తీరు

భాగవతమందలి ఆకాశవాణి కథ మనమందరము ఎరిగినదే. నవదంపతులైన దేవకీవసుదేవుల రథమును స్వయముగా తోలుచున్న కంసునితో, ఆ చెల్లెలి అష్టమగర్భమున జనించువాడే నీ పాలిటి మృత్యువని అశరీరవాణి పలికెను. ఆ వాణి నోరు మూయుట కంసుని వశము కాలేదు. ఆ మాటతో సంబంధమున్న వారిని చెరసాలలో త్రోయుటయే అతడు చేయగలిగిన పని. 1935లో మైసూరున ఆచార్య గోపాలస్వామిగారు తమ స్వగృహమున చిన్న ప్రసారకేంద్రమును నెలకొల్పినప్పుడు, దానికి 'ఆకాశవాణి' యను పేరు పెట్టబడెను. ఈ కథ నాడు వారి మనస్సున మెదలెనో లేదో గాని, ఆ పేరే కాలక్రమమున భారతదేశపు రేడియో కంతటికిని పేరైనది. అట్టి వాణికి అంకుశము వేసినవారెవరు, ఏ కొలబద్దతో వేసిరి, ఆ కొలబద్ద ఎట్లు మారుచు వచ్చినది యను విషయమును మన సంఘ సోదరసోదరీమణుల యెదుట ఉంచుటకు ఈ వ్యాసమున ప్రయత్నించుచున్నాను.

సూరతులో ఉద్యోగరీత్యా నివసించు తెలుగు కుటుంబములకు డుమస్ సుపరిచితము. సెలవు దినములందు ఆ నల్లని ఇసుకపై పిల్లలను ఆడించి, వేడివేడి టమాటా బజ్జీలు తిని రానివారు మనలో అరుదు. ఆ సముద్రతీరము నుండి నగరము మీదుగా తాపీనదిని దాటి ఉత్తరముగా ఓల్పాడు తాలూకాకు పోయినచో సరస్ అను గ్రామము కలదు. ప్రసార నియంత్రణ చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు ఆ గ్రామమునకు చెందినదే. ఉషా మెహతా అక్కడ 1920 మార్చి 25న జన్మించెను. ఆమె తండ్రి ఆంగ్ల ప్రభుత్వమున న్యాయాధికారి.

1942 ఆగస్టులో 'క్విట్ ఇండియా' తీర్మానము వెలువడగానే నాయకులందరును నిర్బంధింపబడిరి. పత్రికలపై కఠినమైన ఆంక్షలు వచ్చినవి. ఆలిండియా రేడియో పూర్తిగా సర్కారు చేతిలోనిది. దేశమున జరుగుచున్నది దేశమునకే తెలియని స్థితి యేర్పడెను. అప్పటికి ఇరువదిరెండేండ్ల విద్యార్థినియైన ఉషా మెహతా, ఆమె మిత్రులు కొందరు బొంబాయిలో రహస్య ప్రసారయంత్రమొకటి సంపాదించిరి. 1942 ఆగస్టు 27న 42.34 మీటర్లపై 'కాంగ్రెసు రేడియో' తొలిసారి పలికెను. భారతదేశమున ఏదో యొకచోటి నుండి మాటాడుచున్నామని మాత్రమే వారు ప్రకటించెడివారు. డాక్టర్ రామమనోహర్ లోహియా మొదలగు అజ్ఞాత నాయకులు వారికి తోడ్పడిరి. పోలీసులకు జాడ దొరకకుండ తరచు స్థలములు మార్చుచు, పత్రికలు అచ్చు వేయలేని వార్తలను చదువుచు వచ్చిరి. చిట్టగాంగుపై బాంబులు పడుట, జంషెడ్‌పూరు కార్మికుల సమ్మె, అష్టి చిమూరులలో జరిగిన దారుణములు మొదలైనవి వానిలో కొన్ని.

ఆ రేడియో మూడు మాసములు కూడ నడువలేదు. తమలోని సాంకేతికుడే పోలీసులకు లోబడి జాడ చెప్పగా, 1942 నవంబరు 12 రాత్రి పోలీసులు తలుపులు బ్రద్దలుకొట్టి లోనికి వచ్చిరి. ఉషా మెహతాకు నాలుగు సంవత్సరముల శిక్ష పడెను. 1946లో ఆమె విడుదలయ్యెను. తరువాత బొంబాయి విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును బోధించి, 1998లో పద్మవిభూషణ బిరుదము నంది, 2000 ఆగస్టు 11న దివంగతురాలయ్యెను.

ఇచ్చట తేదీల కలయిక యొకటి గమనింపదగినది. కాంగ్రెసు రేడియో నోరు మూయబడినది నవంబరు 12న. సరిగా ఐదేండ్లకు, 1947 నవంబరు 12న, మహాత్మాగాంధి ఢిల్లీలోని రేడియో భవనమునకు వచ్చి, కురుక్షేత్రమున తలదాచుకొన్న శరణార్థుల నుద్దేశించి మాటాడెను. ఆయన ఆ స్టూడియోలో అడుగిడినది అదొక్కసారియే. ఏ మాట పలికినందుకు ఐదేండ్ల క్రిందట చెరసాల ప్రాప్తించెనో, ఆ మాట పలికించిన మహనీయునికి అదే సర్కారు రేడియో స్వాగతమిచ్చెను. యంత్రము మారలేదు, యజమాని మారెను. మన తరువాతి చరిత్రయంతయు ఈ రెండవ వాక్యము చుట్టును తిరిగినదని నా అభిప్రాయము.

యజమాని మారినంత మాత్రమున అంకుశము పోలేదు. అయితే దాని రూపము విచిత్రముగ మారెను. ఆంగ్లేయుల కాలముననే, 1940 మార్చి 1 నుండి, హార్మోనియమునకు రేడియోలో ప్రవేశము నిషిద్ధమయ్యెను. మన గమకములకు ఆ వాద్యము తగదని నాటి ప్రసారశాఖాధిపతి లయొనెల్ ఫీల్డెన్ తలచెను. రవీంద్రుడు సయితము ఆ తలంపును బలపరచెను. స్వాతంత్ర్యము వచ్చినను ఆ నిషేధము నిలిచి, 1971లో గాని సడలలేదు. మన పద్యనాటకములకు హార్మోనియము ఊపిరి వంటిది. పల్లెపల్లెన తెర లేచుటకు ముందు వినబడు ఆ శ్రుతికి, ప్రభుత్వమువారి రేడియోలో మూడు దశాబ్దములు తావు లేకపోయెను. దీనిని ఎవరును సెన్సారు అనలేదు. సంగీత సంస్కారము అనిరి.

1952లో సమాచార ప్రసారశాఖ మంత్రిగా వచ్చిన డాక్టర్ బి. వి. కేస్కర్ సంగీతజ్ఞుడు, పండితుడు, సదుద్దేశము కలవాడు. సినిమా పాటలు జనుల అభిరుచిని చెరచుచున్నవని ఆయన నమ్మకము. రేడియోలో వానికి ఇచ్చు కాలమును బాగుగా తగ్గించి, పాటకు ముందు చిత్రము పేరు చెప్పుటను మాన్పించెను. చిత్రము పేరు చెప్పనిచో మా కేమి లాభమని నిర్మాతలు తమ అనుమతులను ఉపసంహరించుకొనగా, సినిమా పాట ఆలిండియా రేడియో నుండి దాదాపు అదృశ్యమయ్యెను. ఇక శ్రోతలో? వారు మీట త్రిప్పిరి. సముద్రమున కావల రేడియో సిలోను కాచుకొని యుండెను. అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' 1952 చివరలోనే ఆరంభమయ్యెను. సిలోను తెలుగు ప్రసారములలో మీనాక్షి పొన్నుదురై గళము వినుటకు మన పెద్దలు రేడియో పెట్టె ముందు చేరెడివారు. ప్రభుత్వము కోరినది శాస్త్రీయ సంగీతము. జనులు పోయినది పరదేశపు ప్రసారమునకు. తుదకు 1957 అక్టోబరు 3న 'వివిధభారతి'ని ప్రారంభించి ఆలిండియా రేడియోయే దిగివచ్చెను. కేస్కరుగారు విద్వాంసులకు చేసిన మేలు చాల గొప్పదని నేనును ఒప్పుకొందును. కాని అభిరుచిని ఉత్తర్వుతో పెంచవచ్చునను తలంపు ఆ ఐదేండ్లలోనే వీగిపోయెనని కూడ చెప్పక తప్పదు.

1967 ఎన్నికల పిమ్మట పెక్కు రాష్ట్రములందు కాంగ్రెసేతర మంత్రివర్గములు ఏర్పడెను. కేంద్రము చేతిలోని రేడియోలో రాష్ట్రముల ముఖ్యమంత్రులు ఏమి మాటాడవచ్చును, ఏమి మాటాడరాదు అను వివాదము లేచినది. అప్పుడు రాజకీయ పక్షములతో సంప్రదించి ప్రసార నియమావళి రూపొందింపబడెను. మిత్రదేశములను విమర్శింపరాదు, మతములను, వర్గములను నిందింపరాదు, అశ్లీలము, పరువునష్టము, హింసాప్రేరణము, కోర్టు ధిక్కారము కూడదు, రాష్ట్రపతి, న్యాయస్థానముల నిష్పాక్షికతను శంకింపరాదు, పేరు పెట్టి ఏ పక్షమును దూషింపరాదు. ఈ నియమములందు తప్పుపట్టదగినవి కొద్ది. ఏమి నిషిద్ధమో కాగితముపై స్పష్టముగ వ్రాయుట అదియే మొదలు గనుక, నేను దీనిని ముందడుగనియే భావింతును.

ఆ కాగితము 1975 జూన్ 25 తరువాత నిలువలేదు. ఆత్యయిక పరిస్థితి ప్రకటింపబడిన కొలది దినములకే ఇందర్ కుమార్ గుజ్రాల్ స్థానమున విద్యాచరణ శుక్లా సమాచారమంత్రి యయ్యెను. ప్రభుత్వ కార్యక్రమములకు అనుకూలముగ పాడుటకు నిరాకరించిన గాయకుడు కిశోర్ కుమార్ పాటలు 1976లో రేడియో, టెలివిజనుల నుండి తొలగింపబడెను. 1977 ఫిబ్రవరి 6న ఢిల్లీ రామలీలా మైదానమున ప్రతిపక్షముల మహాసభ జరుగుచుండగా, జనులను ఇండ్లలో నిలుపుటకై దూరదర్శనమువారు 'బాబీ' చిత్రమును ప్రదర్శించిరి. జనులు సభకే పోయిరి. ఇంకొక వింత కూడ కలదు. ఉపగ్రహము ద్వారా పల్లెలకు విద్యాప్రసారములు చేయు ప్రయోగము 1975 ఆగస్టు 1న ఆరంభమై ఒక సంవత్సరము నడిచెను. ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. అనగా హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమగుటకు రెండేండ్లు ముందే, పంటలు, ఆరోగ్యము గూర్చిన మాటలు తెలుగుపల్లెల చావడులలో తెరపై కనబడెను. దేశమునకు నోరు కట్టిన కాలముననే మన పల్లెలకు దృశ్యము తెరచుకొన్నది.

అటుపిమ్మటి మార్పు మంత్రులవలన గాక న్యాయస్థానములవలన వచ్చినది. భీష్మ సాహ్నీ నవల ననుసరించి గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' 1988 ఆరంభమున దూరదర్శనమున ప్రసారమగుచుండగా, దేశవిభజన నాటి మతకలహములను చూపుట ప్రమాదకరమని కొందరు కోర్టుకు పోయిరి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు మొత్తము ధారావాహికను స్వయముగ చూచి ఆ వాదమును త్రోసిపుచ్చిరి. సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. అచ్చట స్వీకరింపబడిన కొలబద్ద 1946 నాటి నాగపూరు తీర్పులోనిది: బలహీనచిత్తులు, ప్రతి విమర్శలోను ప్రమాదమునే చూచువారు ఏమనుకొందురో అని గాక, వివేకము, ధైర్యము గల సామాన్యుడు ఎట్లు గ్రహించునో అని చూడవలెను. ఆ ధారావాహిక సాగినది. భయపడిన ఉపద్రవమేమియు రాలేదు.

మన బోటి ఉద్యోగులు తప్పక చదువదగిన తీర్పు 1992 నాటిది. అహమ్మదాబాదునకు చెందిన ఆచార్య మనుభాయ్ షా, జీవిత బీమా సంస్థ పద్ధతులపై విమర్శవ్యాసమొకటి వ్రాసెను. సంస్థ ఉద్యోగి యొకరు వ్రాసిన ఖండనమును సంస్థ స్వీయపత్రిక 'యోగక్షేమ' ప్రకటించినది గాని, షాగారి ప్రత్యుత్తరమును మాత్రము ప్రకటింపనన్నది. ఇది మా యింటిపత్రిక, మా యిష్టమని వారి వాదము. ప్రజల సొమ్ముతో నడచు సంస్థ పత్రికలో రెండవ పక్షమునకును చోటీయవలెనని సుప్రీంకోర్టు చెప్పెను. (మన సంచిక సంపాదకవర్గమువారు దీనిని చమత్కారముగానే తీసికొందురు గాక!) అదే తీర్పులో భోపాల్ విషవాయు దుర్ఘటనపై తీసిన 'బియాండ్ జెనోసైడ్' చిత్రము సంగతియు కలదు. జాతీయ బహుమతి పొందిన ఆ చిత్రమును దూరదర్శనమువారు కాలము చెల్లినదనియు, మితము తప్పినదనియు, వ్యవహారము కోర్టులో నున్నదనియు చెప్పి నిరాకరించిరి. ఈ కారణములు నిలువవని కోర్టు తేల్చెను. తిరస్కరించువాడే తన తిరస్కారమునకు సమర్థన చూపవలెనను సూత్రము ఇచ్చట స్థిరపడినది.

నేను సచివాలయమున పనిచేయువాడను. కారణము వ్రాయక 'వీలులేదు' అని సంతకము చేయుట ఎంత సులభమో, ఆ కారణమును ఫైలుపై నాలుగు వాక్యములలో వ్రాయవలసి వచ్చినప్పుడు చేయి ఎంత తడబడునో ఈ వృత్తిలోని వారికి తెలియును. వ్రాయబోగా నిలువని కారణములు పెక్కు. నియంత్రణ చరిత్రలో అసలు మార్పు ఏది నిషిద్ధమనుటలో కంటె, నిషేధించువాడు సమాధానము చెప్పవలెనా యనుటలోనే జరిగినదని నేను తలంతును.

1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు, 1993 నాటి హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారహక్కుల తగవు నుండి పుట్టినది. ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని దానిలో ప్రకటింపబడెను. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి కలరు. ప్రభుత్వ గుత్తాధిపత్యము ఎట్లు కూడదో, ధనవంతుల గుత్తాధిపత్యమును అట్లే కూడదని ఆయన ప్రత్యేకముగ హెచ్చరించెను. 1990లో పార్లమెంటు ఆమోదించిన ప్రసారభారతి చట్టము 1997లో గాని అమలునకు రాలేదు. ఈలోగా కేబుల్ తీగలు వీధివీధికి ప్రాకెను. 1995లోనే ఈటీవీ, జెమిని వచ్చినవి. శుక్రవారపు 'చిత్రలహరి' కొరకు వారమంతయు ఎదురుచూచిన మా తరమువారికి ఆ యేడు పండుగవలె తోచినది.

జీవన్‌రెడ్డిగారి హెచ్చరిక ఊరక పోలేదు. 2014 జూన్‌లో, తెలంగాణ రాష్ట్రమేర్పడిన కొలది దినములకు, నూతన శాసనసభ్యులను పరిహసించిన ఒక కార్యక్రమముపై దుమారము రేగగా, టీవీ-9, ఏ.బి.ఎన్. ఆంధ్రజ్యోతి ప్రసారములను కేబుల్ నిర్వాహకులు ఆ రాష్ట్రమున నిలిపివేసిరి. అది నెలల తరబడి సాగెను. ఆ కార్యక్రమము సభ్యమైనదని నేననను. కాని సర్కారు పేరిట నిషేధపుటుత్తర్వు లేనిచోట ఏ కోర్టు ఏ కారణమును పరిశీలించును? సర్కారు ఉత్తర్వు ఇచ్చినచో కనీసము అడుగవచ్చును. 2022 జనవరిలో కేరళమున మీడియావన్ ఛానలునకు అనుమతిని పునరుద్ధరింపక, ఆ కారణములను మూసిన కవరులో కోర్టుకు సమర్పించినప్పుడు, సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న ఆ యుత్తర్వును కొట్టివేసెను. దేశభద్రత అను మాట చెప్పినంతనే కారణము చెప్పినట్లు కాదని తేల్చెను.

రేడియో మాత్రము వెనుకబడినది. 2011 నాటి విధానము ప్రకారము ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండ వినిపింపవచ్చునే గాని, స్వయముగ వార్తలు సేకరించి చెప్పుటకు వీలు లేకపోయెను. గంటకు పది నిమిషములకు మించకుండ వారిని వార్తలు చెప్పనీయవచ్చునని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ప్రభుత్వమునకు సిఫారసు చేసెను.